బడిలో కేస్ స్టడీ: ఫ్లోరైడ్ నీళ్లా, రాబందులా, కొల్లేరా, ఊరి చెరువా?

జూలై వచ్చిందంటే మా స్టాఫ్ రూములో ఒకటే చర్చ: ఈసారి పిల్లల చేత ఏ ప్రాజెక్టు చేయించాలి? తేలేది కూడా ఏటా ఒకటే. "నీరే ప్రాణాధారం" అని ఒక శీర్షిక, థర్మోకోల్ అట్ట మీద ఏడుస్తున్న భూగోళం, కింద నాలుగు నినాదాలు. పర్యావరణ ప్రాజెక్టును థర్మోకోల్ మీద చేయడం ఏమిటని ఒక్క పిల్లవాడైనా అడుగుతాడేమోనని చాలా ఏళ్లు ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు మేం నేర్పితే కదా.

ఆ అలవాటు పట్టుబడాలంటే కేస్ స్టడీ మంచి దారి. నిజంగా జరిగిన ఒక సంగతిని పిల్లల ముందు పెట్టి, అది ఎందుకు జరిగింది, కారణం ఎలా దొరికింది, తామైతే ఏం చేసేవారు అన్నది వాళ్ల చేతనే తేల్పించడం. పద్ధతి మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఏ సంగతిని తీసుకోవాలన్న దగ్గరే. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు సైన్సు చెప్పేవారు ఎక్కువగా ఊగిసలాడేది నాలుగింటి మధ్య: నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు, రాబందుల మాయం, కొల్లేరు సరస్సు, సొంత ఊరి చెరువు. విషవాయువు ప్రమాదాలు, ఓజోన్ పొర కూడా అప్పుడప్పుడూ పోటీకి వస్తుంటాయి. వాటి గురించి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

నా లెక్కలో అన్నిటికన్నా ముందుది ఇది: ఈ సంగతిలో పిల్లవాడు తప్పుగా ఊహించే వీలుందా? "చెరువు ఎందుకు పాడైంది?" అని అడిగితే "కాలుష్యం వల్ల సార్" అని ఆరో తరగతి పిల్లలు కూడా కోరస్‌గా చెబుతారు. ఇక అక్కడ నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. మొదట ఒకటి అనుకుని, ఆధారం చూశాక "అరె, అది కాదే" అనుకునే చోటు ఉండాలి. అది లేని కేస్ స్టడీ నీతికథ అవుతుంది. నీతికథలకు తెలుగు వాచకం ఉండనే ఉంది.

ఆ తర్వాత ఆధారం. అది పిల్లల చేతికి అందాలి. కొలవడానికో, లెక్కించడానికో, కనీసం అసలు అంకెలను తమ కళ్లతో చూడడానికో వీలుండాలి. పాఠంతో గట్టి ముడి ఉందా అన్నది మూడోది. పదో తరగతిలో సిలబస్ వెనకబడితే అడిగే తల్లిదండ్రులకు మనమే కదా జవాబు చెప్పాలి. పీరియడ్లు, బస్సు ఖర్చు, అనుమతులు అందరికీ తెలిసినవే.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. ఈ సంగతి తరగతిలో ఎవరి గాయాన్ని కెలుకుతుంది? దీని గురించి నాకు ఎలా తెలిసిందో ఫ్లోరైడ్ దగ్గర చెబుతాను.

నల్లగొండ ఫ్లోరైడ్

తెలుగు నేల మీద ఇంతకన్నా నిండైన కేస్ స్టడీ దొరకడం కష్టం. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మీద తొలి వైద్య నివేదిక 1937లో నాటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. నల్లగొండ పేరు మీద ఏకంగా ఒక శుద్ధి పద్ధతే ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన "నల్లగొండ పద్ధతి"లో వాడేవి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు. పటికతో, చిల్లగింజతో బురద నీళ్లు తేర్చుకున్న ఇళ్లు మనకు కొత్త కాదు. అమ్మమ్మ చేసిన పనికీ ఇంజనీరు చేసిన పనికీ పోలిక ఎంత, తేడా ఎక్కడ అన్న ఒక్క ప్రశ్నతో రసాయనశాస్త్రం పీరియడ్ గడిచిపోతుంది.

ఇక్కడ పిల్లల మొదటి ఊహ తప్పక తప్పుతుంది. "నీళ్లలో దోషం ఉంటే ఏం చేయాలి?" అని అడగండి. "కాచి, వడపోసి తాగాలి." చిన్నప్పటి నుంచి మనం నేర్పిందే. అప్పుడు ఒక లీటరు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలిపి, వంటగిన్నెలో సగం అయ్యేదాకా మరిగించి, చల్లారాక తలా ఒక చుక్క నాలుక మీద వేయండి. ప్రయోగశాల బీకరు వద్దు, మధ్యాహ్న భోజనం వండే గిన్నె చాలు. ఉప్పదనం పెరిగింది. కాస్తే క్రిములు చస్తాయి, నీటిలో కరిగిన లవణం ఎక్కడికీ పోదు, నీరు తగ్గిన కొద్దీ చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ కూడా అంతే. ఆ క్షణాన తరగతిలో వచ్చే నిశ్శబ్దం కోసమే నేను ఈ కేస్ స్టడీని మళ్లీ మళ్లీ ఎత్తుకుంటాను.

ఆధారం అందుబాటులోనే ఉంటుంది. గ్రామ పంచాయతీల దగ్గరున్న నీటి పరీక్ష కిట్లలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంటుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో బోరు నీటి నివేదిక తీసుకోవచ్చు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. ఊళ్లో నాలుగు బోర్ల అంకెలు బోర్డు మీద రాసి, ఏ బోరు ఎంత లోతో పక్కన వేయిస్తే పిల్లలే ప్రశ్నలు వేస్తారు. ఒకే ఊళ్లో ఈ వీధికీ ఆ వీధికీ తేడా ఎందుకు? కింద ఉన్న గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువై క్షారత ఎక్కువైతే మరింత దిగుతుంది. దీనికి ఫ్యాక్టరీ లేదు, దుర్మార్గుడు లేడు. "కాలుష్యం వల్ల సార్" అనే జవాబు ఇక్కడ చెల్లదు. అదే ఈ సంగతి గొప్పతనం.

ఇప్పుడు చాలా ఊళ్లకు మిషన్ భగీరథ కుళాయిల్లో నది నీరు వస్తోంది, ఇక ఫ్లోరైడ్ గొడవ ఎందుకని అనవచ్చు. నిజానికి అక్కడే మంచి చర్చ పుడుతుంది. ఉన్న నీటిని శుద్ధి చేసుకోవడమా, మంచి నీటిని దూరం నుంచి తెచ్చుకోవడమా? నల్లగొండ పద్ధతి చవకే, కానీ రోజూ మందు సరిగ్గా కొలిచి వేయాలి, అడుగున మిగిలే మడ్డిని ఎక్కడో పారబోయాలి. పైపులైనుకు ఆ బెడద లేదు, కానీ మోటార్లు ఆగితే ఊరంతా ఆగుతుంది.

ఇక జాగ్రత్త. మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు ఉత్సాహం ఆపుకోలేక "ఎవరి పళ్ల మీదైనా గోధుమ రంగు చారలు ఉన్నాయా, చూపించండి" అన్నాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీరియడ్ అయ్యేదాకా తీయలేదు. ఆ రోజు ఆమె నేర్చుకున్న సైన్సు ఏమిటో నాకు తెలుసు. పళ్లు, కాళ్లు, ఇళ్లు ఎప్పుడూ ఆధారాలుగా వాడకండి. ఫొటోలు కూడా వద్దు. నీటి అంకెలు చాలు.

రాబందులు

ప్రయోగశాల లేదు, బయటకు తీసుకెళ్లే వీలు లేదు, కిట్లు లేవు. అలాంటి బడికి నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే. ఇది అపరాధ పరిశోధన కథలా నడుస్తుంది, పిల్లలకు జటాయువు ఎలాగూ తెలుసు.

సంగతిని నాలుగు కవర్లలో పెట్టి ఒక్కొక్కటే విప్పండి. మొదటి కవరు: 1990ల చివర రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలదేవ్ పార్కులో రాబందులు మెడలు వాల్చి, చెట్ల మీదే చచ్చిపోతున్నాయి. ఆ తర్వాత దేశమంతటా అదే వరస. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా పోయాయి. కారణం ఏమై ఉంటుంది? ఇక్కడ కవరు మూసేయండి. పిల్లలు సెల్ టవర్లు అంటారు, పురుగుమందులు అంటారు, తిండి దొరకక అంటారు, ఏదో వైరస్ అంటారు. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం వైరస్‌నే అనుమానించారని ఇప్పుడే చెప్పకండి.

రెండో కవరులో, చచ్చిన పక్షుల పొట్ట కోస్తే లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. విసర్జన పాఠం చదివిన పిల్లలకు ఇక్కడ అందుతుంది: పక్షులు యూరిక్ ఆమ్లాన్ని విసర్జిస్తాయి, అది పేరుకుందంటే మూత్రపిండాలు పనిచేయలేదన్న మాట. మూడో కవరులో పాకిస్థాన్‌లో జరిగిన పరిశోధన, 2004లో వెలువడింది. ఆ తెల్ల పొర ఉన్న 25 పక్షుల్లోనూ పశువుల నొప్పిమందు డైక్లోఫెనాక్ అవశేషం దొరికింది. పొర లేకుండా వేరే కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ దొరకలేదు. ఆ మందు వేసిన పశువు చచ్చాక, దాని కళేబరం తిన్న రాబందుల్లోకి మందు చేరింది. ఈ రెండు అంకెలూ బోర్డు మీద రాసి "రెండో అంకె లేకపోతే మీరు నమ్మేవారా?" అని అడగండి. పోలిక సమూహం ఎందుకో పాఠ్యపుస్తకం మూడు పేజీల్లో చెప్పలేనిది ఇక్కడ మూడు నిమిషాల్లో తెలుస్తుంది.

అప్పుడు ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "అన్ని పశువులకూ ఆ మందు వేయరు కదా సార్, మరి అన్ని రాబందులు ఎలా చచ్చాయి?" దీనికి చింతపిక్కలు కావాలి. పది సంచుల్లో తలా రెండు వందల పిక్కలు పోసి, ప్రతి సంచిలో ఒక్క పిక్కకు సున్నం పూయండి. నలుగురేసి పిల్లలకు ఒక సంచి. ప్రతి పిల్లా ఒక రాబందు. చూడకుండా ఒక పిక్క తీయాలి, చూసి మళ్లీ వేయాలి. ఒక తీత అంటే ఒక భోజనం. తెల్ల పిక్క వస్తే పక్కకు జరిగి కూర్చోవాలి. మూడు రోజులకు ఒక భోజనమనుకుంటే ఏడాదికి 120 తీతలు. రెండు వందల్లో ఒక్కటే కదా అనుకున్న తరగతిలో, లెక్క ప్రకారం నలభై మందిలో ఏడాది చివరికి మిగిలేది ఇరవై రెండు మంది. రాబందు జంట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. ఇక విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు. ఇది తరగతి గది లెక్కే, అడవిలో జరిగినదంతా ఇందులో ఇమడదు. అయినా శాస్త్రవేత్తల అంచనా కూడా ఆ దరిదాపుల్లోనే ఉంది: వంద కళేబరాల్లో ఒకటికన్నా తక్కువ విషపూరితమైనా ఈ పతనానికి సరిపోతుంది.

నాలుగో కవరు విధానాలది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశం నిలిపివేసింది. మెలాక్సికాం అనే మరో నొప్పిమందు రాబందులకు ముప్పు లేని ప్రత్యామ్నాయంగా తేలింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని తెలిసి, 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. నిషేధం పెట్టగానే సమస్య తీరదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా పొట్టి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆదిలాబాద్ వైపు బడులకు మరో ఊతం ఉంది: 2013లో బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడవు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి.

లోటు ఒకటే. అసలు పక్షిని పిల్లల్లో ఎవరూ చూసి ఉండరు. చూడకపోవడమే సంగతి కాబట్టి దాన్ని పెద్ద లోటుగా నేను పట్టించుకోను.

కొల్లేరు

ఇది బాగా కుదిరితే అద్భుతం, కుదరకపోతే తరగతి గది పంచాయతీ సమావేశం అవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు నీరు తెస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో +5 అడుగుల కాంటూరు (సముద్ర మట్టం కన్నా 5 అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత) దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సార్‌లో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పేల్చివేశారు. కాంటూరును +3కు తగ్గించాలన్న వాదన అప్పటి నుంచీ వినబడుతూనే ఉంది.

విజ్ఞానం కన్నా ఇక్కడ విలువల తగవు ఎక్కువ. పిల్లలకు తప్పుగా ఊహించే చోటు తక్కువ, వాదించే చోటు ఎక్కువ. అందుకే ఎనిమిదో తరగతికి వద్దంటాను. తొమ్మిది, పది పిల్లలకు సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుణ్ణి కలుపుకుని చేస్తే పండుతుంది. అంతర్జాలంలో దొరికే ఉపగ్రహ చిత్రాలను ఏళ్లవారీగా పక్కపక్కన పెట్టి, గళ్ల కాగితం మీద చేపల చెరువుల విస్తీర్ణం లెక్కించమనండి. +5, +3 గీతలు వేసి, ఆ రెండింటి మధ్య పట్టీలో ఎవరు బతుకుతున్నారో, వరద వస్తే ఆ నీరు ఎక్కడికి పోవాలో అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తాక ఆ ప్రాంతపు పిల్లలకు ఈ ప్రశ్న పుస్తకాల్లోది కానే కాదు.

ఏలూరు, కైకలూరు వైపు బడుల్లో ఒక పిల్లవాడి తండ్రి చెరువుల యజమాని, పక్క పిల్లవాడి తండ్రి అదే చెరువులో కూలి, ఇంకొకరిది తరతరాలుగా వల వేసే కుటుంబం కావచ్చు. "మీరు ఎవరి పక్షం?" అని అడగకండి. పాత్రలను చీటీలు వేసి పంచండి, ఎవరికీ సొంత ఇంటి పాత్ర రాకుండా చూడండి.

ఊరి చెరువు

అందరూ మొదట దీన్నే ఎంచుకుంటారు. ఎక్కువగా విఫలమయ్యేదీ ఇదే. దగ్గరగా ఉంది, ఖర్చు లేదు, పిల్లలకు ఇష్టం. ఒక్క ప్రశ్న మాత్రం ఉండదు. పిల్లలు వెళ్లి, గుర్రపుడెక్క చూసి, ప్లాస్టిక్ కవర్లు ఏరి, సెల్ఫీ దిగి వస్తారు. అది శ్రమదానం, మంచిదే. దాన్ని కేస్ స్టడీ అని మార్కులు వేయడమే బాగుండదు.

నాకు పనికొచ్చిన ప్రశ్న ఒకటి ఉంది: "సంక్రాంతికి అలుగు దాకా ఉన్న నీళ్లు ఉగాదికి ఎక్కడికి పోయాయి?" పిల్లలంతా "పొలాలకు" అంటారు. అప్పుడు బడి ఆవరణలో ఎండ తగిలే చోట వెడల్పాటి బేసిన్ పెట్టి, కాకులు తాగకుండా పైన వల కట్టి, రోజూ ఉదయం ప్రార్థన ముందు స్కేలుతో నీటి మట్టం రాయించండి. చెరువులో తూము దగ్గర రంగు గీతలు వేసిన కర్ర ఒకటి ఉంచి, వారానికోసారి పెద్దవారు చూసి మట్టం చెప్పాలి. రెండు పట్టికలూ పక్కపక్కన పెడితే, తూము మూసి ఉన్న వారాల్లో కూడా చెరువు దిగుతోందని తెలుస్తుంది. ఆకాశంలోకి ఎంత పోయింది, నేలలోకి ఎంత ఇంకి ఉంటుంది? చిన్న బేసిన్‌లో నీరు చెరువులో కన్నా కొంచెం వేగంగానే ఆవిరవుతుంది, ఆ తేడా కూడా చర్చించదగ్గదే. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువైతే, లోతు పెరగడం వల్ల నీటి నిల్వకూ ఆవిరికీ ఏమవుతుందన్నది పై మెట్టు ప్రశ్న.

పూడిక తీసిన చెరువుల్లో గుంతలు ఎక్కడ ఉంటాయో ఎవరికీ తెలియదు. పిల్లలు గట్టు దిగకూడదు, అంతే. దీనిలో బేరం లేదు.

మిగిలిన రెండు

2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. పాలిమరీకరణం, వేడి, గాలికన్నా బరువైన ఆవిరి, అన్నీ పాఠంలో ఇమిడేవే. 1984 డిసెంబరు నాటి భోపాల్ కూడా అంతే. కానీ దీన్ని ఇంటర్‌కు వదిలేయమంటాను, విశాఖలోనైతే అసలు వద్దు. ఓజోన్ సంగతి శుభంగా ముగిసే కథ: ఫ్రిజ్‌లు, స్ప్రేలలో వాడే వాయువులు ఆ పొరను దెబ్బతీస్తాయని 1974లో హెచ్చరిక, 1985లో అంటార్కిటికా మీద రంధ్రం, 1987లో ఆ వాయువులను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం. పిల్లల చేతికి అందేది మాత్రం ఏమీ లేదు. సెప్టెంబరు 16న ప్రార్థనలో పది నిమిషాలు చాలు.

| సంగతి | ఊహ తప్పే వీలు | చేతికందే ఆధారం | ముడిపడే పాఠం | పీరియడ్లు | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|---|
| ఫ్లోరైడ్ | చాలా ఎక్కువ | బోరు నీటి అంకెలు, ఉప్పు నీటి ప్రయోగం | ద్రావణాలు, లవణాలు | 5 | పిల్లల శరీరాలు చర్చకు రావడం |
| రాబందులు | చాలా ఎక్కువ | అసలు అంకెలు, చింతపిక్కల ఆట | విసర్జన, ఆహార గొలుసు | 4 | పక్షి కంటికి కనబడదు |
| కొల్లేరు | తక్కువ | ఉపగ్రహ చిత్రాలు, కాంటూరు పటం | ఆవరణ వ్యవస్థ, భూగోళం | 8 | ఇళ్ల తగవులు |
| ఊరి చెరువు | ప్రశ్నను బట్టి | నీటి మట్టం, బేసిన్ | నీటి చక్రం, బాష్పీభవనం | 3, ఆపై రోజూ 5 నిమిషాలు | భద్రత, ఓపిక |

మీ బడికి ఏది?

పదో తరగతి చెబుతూ, నెలనెలా పరీక్షల మధ్య ఊపిరాడనివారు రాబందులు తీసుకోండి. విసర్జన పాఠాన్ని దానితోనే మొదలుపెడితే నాలుగు పీరియడ్లలో రెండు ఎలాగూ పాఠం ఖాతాలోకి వెళతాయి. గేటు దాటే వీలు లేని గురుకులాలకూ ఇదే.

బోరు నీళ్ల మీద ఆధారపడిన ఊరి బడి అయితే ఫ్లోరైడ్. మీ ఊళ్లో ఫ్లోరైడ్ తక్కువే ఉందని తేలినా నష్టం లేదు, పక్క మండలంలో ఎందుకు ఎక్కువ ఉందన్న ప్రశ్న మిగులుతుంది. నగరంలోని ప్రైవేటు బడుల వారు ట్యాంకరు నీళ్లు, కుళాయి నీళ్లు, శుద్ధి యంత్రం నీళ్లు తెచ్చి పోల్చవచ్చు. ఆ పిల్లలు తాము తాగే నీరు ఎక్కడి నుంచి వస్తుందో మొదటిసారి ఆలోచించేది అప్పుడే.

సైన్సు మొత్తానికి ఒక్కరే ఉన్న ఉపాధ్యాయులు కొల్లేరు జోలికి పోవద్దు. ఊరి చెరువు మాత్రం ఏడు, ఎనిమిది తరగతులకు బాగుంటుంది, అది కూడా జనవరి నుంచి ఏప్రిల్ దాకా రోజూ స్కేలు పట్టుకునే ఓపిక మీకుంటేనే. పిల్లలకు ఆ ఓపిక ఉంటుంది. రెండో వారంలో నీరసపడేది మనమే.

రెండింటి మధ్య ఎటూ తేలకపోతే, మీ తరగతిలో బాగా మాట్లాడే పిల్లవాణ్ణి పిలిచి రెండు ప్రశ్నలూ అడిగి చూడండి. దేనికి ధీమాగా తప్పు జవాబు చెబుతాడో అది తీసుకోండి.

మార్కుల సంగతి కూడా ఎంపికతో పాటే తేల్చుకోవాలి. చార్టు అందానికి మార్కులు వేస్తే మళ్లీ థర్మోకోల్ దగ్గరికే వస్తాం. నేను నోటుపుస్తకంలో ఎడమ పేజీ మొదటి ఊహకు, కుడి పేజీ ఆధారం చూశాక మారిన ఆలోచనకు కేటాయిస్తాను. పదిలో ఆరు మార్కులు ఆ రెండు పేజీల మధ్య తేడాకే. ఎడమ పేజీలో తప్పు ఉంటే మార్కు పోదు, కొట్టివేస్తే పోతుంది. ఊహ పెన్నుతో రాయాలి, వైట్‌నర్ ఇంట్లో వదిలి రావాలి.